చూడనిది గోడ ఎక్కొద్దు

పోయిన ఆదివారం పొద్దున్నే మీరిద్దరూ, ఒకరు పూణే నుంచీ ఇంకొకరు బెంగళూరు నుంచీ, ముందే మాట్లాడుకున్నట్టు ఒకే కార్డు నా ఫోనుకు పంపారు. నేను చదువుకున్న యూనివర్సిటీలో చిత్రకళా విభాగం పెట్టి యాభై ఏళ్ళయిందట, పాత విద్యార్థులందరి బొమ్మలతో ప్రదర్శన పెడుతున్నారట, ఆ పిలుపు కార్డు అది. దాని మీద ముగ్గురు ఆడవాళ్ళు నడుం మీద ఇత్తడి బిందెలు పెట్టుకుని, తలలు ఒక పక్కకి వాల్చి, సాయంత్రపు ఎండలో వాగు ఒడ్డున నడిచి వస్తున్నారు. కింద నా పేరుంది. అమ్మమ్మా నీ బొమ్మే, నీ బొమ్మే అని మీరు చప్పట్లు కొట్టే చేతులు వరసగా పంపారు. నేను "చూశాను" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను. అలిగానేమో అని మీ అమ్మ కనుక్కుంది కూడా.

మర్నాడు ఆ విభాగం వాళ్ళే ఫోను చేశారు. గొంతు వింటే మీ ఈడు అమ్మాయే. ఇదే బొమ్మను ప్రదర్శన పుస్తకం అట్ట మీద కూడా వేస్తారట, నేను "సరే" అని రెండక్షరాలు రాసి పంపితే చాలట. ఆలోచించి చెబుతానమ్మా అన్నాను. మీకు తెలుసుగా, నా గొంతు పక్కగదికి కూడా వినపడదు, ఆ పిల్ల సరే అన్నాననుకుని థాంక్యూ మేడమ్ అని పెట్టేసింది. ఆ సరే నేను అనలేదు. ఎందుకు అనలేదో ఆ పిల్లకు చెప్పేముందు మీకు చెప్పాలనిపించింది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మాది జూలూరుపాడు దగ్గర పల్లె, మెట్ట వ్యవసాయం. మా నాన్నకు అక్క ఒకామె ఉండేది, నాకు మేనత్త. ఆమెను ములకలపల్లి అవతల అడవి అంచు పల్లెలో ఇచ్చారు. మా అత్త ఏడంతా పుట్టింటికి వచ్చిపోతూనే ఉండేది, ప్రతి దసరాకు పది రోజుల ముందర మాత్రం తలమీద గోనెమూటతో మా ఇంటి ముందు దిగేది. మూటలో పిండివంటలుండేవి కావు, జాజు ఉండేది. అంటే ఎర్రమట్టి గడ్డలు, వాళ్ళ ఊరి గుట్ట పక్కన తవ్వినవి. నా ఈడు వాళ్ళకు ఆ వాసన చెప్పనక్కర్లేదు, మీకు చెబుదామంటే దేనితో పోల్చాలో తెలియడం లేదు. తొలి వాన పడ్డప్పుడు వచ్చే వాసనను గంపలో పెట్టి తెచ్చినట్టు ఉండేది అనుకోండి.

ముందు గోడంతా మెత్తని బంకమట్టీ పేడా కలిపి అలికేవాళ్ళం. ఆరాక జాజు పూత. దాని మీద సున్నంతో, పొయ్యి మసితో బొమ్మలు. కుంచె అంటే ఈతపుల్ల, కొస దంచితే కుచ్చులా విచ్చుకునేది. అరుగు వెనక గోడ ఈ మూల నుంచి ఆ మూలకి మా అత్తదే. ఆమె వేసేవి దేవుళ్ళూ నెమళ్ళూ కావు, ఆ ఏడు మా ఊళ్ళో జరిగినవి. కోడెను పాము కరిచిన ఏడు కోడె, మొదటిసారి బస్సు వచ్చిన ఏడు బస్సూ, దాని వెనకాల పరుగెత్తిన మా ఊరి సగం జనమూ. పక్కింటి వాళ్ళు వచ్చి నన్నెందుకు వెయ్యలేదని తగువు పెట్టుకునేవాళ్ళు. నువ్వు ఈయేడు ఏం జేసినవని ఏస్తరే, తిన్నవు పన్నవు, అనేది మా అత్త, పుల్ల ఆపకుండా.

మళ్ళీ దసరాకు ఆ బొమ్మ మీదే అలుకు పడేది. అయ్యో చెరిపేస్తున్నామే అని మొదట్లో నేను ఏడ్చేదాన్నట. చెరిపేదేముందే పిల్లా, లోపలికి పోతది, అన్నం తిన్నట్టే, అనేది అత్త. నిజమే, గోడ ఎక్కడైనా పెచ్చు ఊడితే పాత ఏళ్ళు ఒకదాని కింద ఒకటి కనిపించేవి. బొమ్మ పోయినా ఆమెకు దిగులు లేదు, కానీ ఒక్క సంగతిలో మాత్రం చాలా గట్టి మనిషి. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు గోడ కింది భాగం నాకిస్తే ముచ్చటపడి పుస్తకంలో చూసిన ఏనుగును వేశాను. అత్త తడిగుడ్డతో తుడిచేసింది.

"ఏనుగును ఎక్కడ చూసినవే?"

"బుక్కుల అత్తా."

"బుక్కుల చూసింది బుక్కుల ఉంచు. చూడనిది గోడ ఎక్కొద్దు."

అంతే. కొత్తగూడెం హాస్టల్లో హైస్కూలు చదివేటప్పుడు మా డ్రాయింగ్ మాస్టారు నా చేతిపని చూసి, హైదరాబాదులో యూనివర్సిటీ వాళ్ళు కొత్తగా బొమ్మల కోర్సు పెట్టారు, పంపండి అని మా నాన్నకు కబురు పెట్టారు. బొమ్మలేస్తే బతుకుతదా అని మా నాన్న. నేను బతుకుతలేనా అని మా అత్త. అట్లా వెళ్ళాను. డెబ్భైలు అవి. ఆ తరగతిలో పద్ధెనిమిది మంది, అందులో ఆడపిల్లలం ముగ్గురం, పల్లెటూరి నుంచి వచ్చింది నేనొక్కదాన్నే.

మా సారు గురించి అన్యాయంగా చెప్పకూడదు. కుంచె పట్టడం, వెలుగు ఎటునుంచి పడుతుందో చూడటం, రంగు తొందరపడి పూయకుండా ఆగడం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. తెల్ల ఖద్దరు చొక్కా, నెమ్మదైన మాట, ఎవరిమీదా అరిచిన మనిషి కాదు. అందుకే ఆయన మాట కాదనడం కష్టం. చివరి ఏడాది ప్రదర్శనకు ప్రతివాళ్ళూ ఒక పెద్ద బొమ్మ వెయ్యాలి. ఆ ఎండాకాలం మా ఊరి వాగు ఎండిపోయింది, నేను సెలవులకు వెళ్ళినప్పుడు ఆడవాళ్ళు ఇసకలో చెలిమె తవ్వుకుని, చుట్టూ గొంతుక్కూర్చుని, ఊరే నీళ్ళను కొబ్బరిచిప్పతో తోడి బిందెల్లో పోసుకుంటున్నారు. ఒక బిందె నిండేసరికి కథ అయిపోయేంత సేపు పట్టేది. నేను ఊరి నుంచి జాజు తెచ్చుకుని, తుమ్మబంక కలిపి, పెద్ద అట్ట మీద అదే వేశాను. నడుమ గుండ్రంగా చెలిమె, చుట్టూ ముగ్గు చుక్కల్లా తలలు, పైనుంచి చూసినట్టు.

సారు చాలాసేపు చూశారు. "అమ్మాయ్, ఇది ఇల్లు అలకడం. చిత్రం కాదు. మీ ఊళ్ళో ఇంత అందం ఉండగా గుంట చూపిస్తావేంటి?" అన్నారు. తిట్టలేదు, బాధపడ్డారు. ఆ బాధే నన్ను పడేసింది. పది రోజుల్లో నూనె రంగులతో ఇంకో బొమ్మ వేశాను. హాస్టల్లో నా స్నేహితురాలు, హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల, ఖాళీ బిందె నడుం మీద పెట్టుకుని నా కోసం నిలబడింది, ఆమె జన్మలో వాగు చూడలేదు. ఆ ఒక్క పిల్లనే ముగ్గుర్ని చేశాను. ఎండ క్యాలెండరులోది. దానికి మొదటి బహుమతి వచ్చింది. విభాగం వాళ్ళు తమ దగ్గరే ఉంచుకున్నారు. చెలిమె బొమ్మ స్టోరు గదిలో చెదలు తినేసింది.

పేపర్లో ఆ బొమ్మ పడితే మా నాన్న కత్తిరించి జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. అత్తకూ చూపించాడు. ఆమె కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఏందే గిది? గీళ్ళు నీళ్ళకు పోతుర్రా, పెండ్లికి పోతుర్రా?"

నీళ్ళకే అత్తా, అన్నాను.

"మనూర్ల గిట్ల నడిచేటోళ్ళను చూసినవా?"

"లేదత్తా."

"అవ్ మరి," అని కాగితం మడిచి నా చేతిలో పెట్టి అలుకుగుడ్డ పట్టుకుని లేచిపోయింది. బహుమతి వచ్చిన రోజు నాకు సిగ్గు వేయలేదు గానీ ఆ రోజు వేసింది. అది ఇరవై ఏళ్ళు నాతోనే ఉంది.

తర్వాత దుమ్ముగూడెం వైపు ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరునయ్యాను. మీ తాతయ్య అదే బడిలో లెక్కలు చెప్పేవారు, మీ అమ్మ అక్కడే పుట్టింది. ప్రతి దసరా సెలవులకు ముందు మా బడి వెనక గోడను పిల్లలమంతా అలికి, ఆ ఏడు చూసినవి వేసేవాళ్ళం. గోదావరి పొంగి బళ్ళోకి వచ్చిన ఏడు పిల్లలు బెంచీలను పడవల్లా వేశారు. మరుసటి ఏడు అదీ లోపలికి పోయింది. ఇరవై ఏళ్ళలో నేను చేసిన పనంతా అట్లా గోడల్లోనే ఉంది, ఫ్రేము కట్టి చూపించడానికి నా దగ్గర ఒక్కటీ లేదు.

తొంభైలలో విభాగానికి పాతికేళ్ళ పండుగ వచ్చింది. ఉత్తరం వచ్చింది. నాకొక గోడ ఇస్తారా అని అడుగుతూ జవాబు రాశాను. మీ బహుమతి బొమ్మ మా దగ్గర భద్రంగా ఉంది, అదే పెడతాం, మీరు వస్తే చాలు అని రాశారు. మా ఊరు వెళ్ళి ఆ ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్త, అప్పటికి డెబ్భైకి దగ్గర పడి మా నాన్న ఇంట్లోనే ఉంటోంది, నేనూ వస్త అంది. బస్సులో ఆమె కాళ్ళ దగ్గర గోనెమూట. ఏందత్తా అది అంటే, గురువు ఇంటికి ఉత్తచేతుల్తోని పోతరా అంది. జాజూ, సున్నమూ.

ప్రదర్శన రేపనగా చేరుకున్నాం. హాలు తలుపు పక్కన పొట్టి గోడ మీద, బంగారు రంగు ఫ్రేములో, పైన చిన్న దీపంతో నా ముగ్గురు ఆడవాళ్ళూ వాగు ఒడ్డున నడుస్తున్నారు. బొమ్మల క్లాసు పిల్లలు కొందరు దాని ముందు నిలబడి, పల్లెలు ఎంత బాగుండేవో అనుకుంటున్నారు. నేనే వేశానని తెలిసి ఒకమ్మాయి దగ్గరికి వచ్చి, మీ ఊళ్ళో నిజంగా ఇట్లాగే ఉంటుందా మేడమ్ అని అడిగింది. నా తల ఊగబోయింది. ఆ ఊగబోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక్కసారి వేసిన అబద్ధాన్ని ఇక బతికినన్నాళ్ళూ తల ఊపి నిలబెట్టాలి కాబోలు అనుకున్నాను. వెళ్ళి, రెండు చేతులతో ఫ్రేము ఎత్తి కిందికి దించి, ముఖం గోడవైపు తిప్పి పెట్టాను.

అత్త చెంగు నడుముకు దోపింది.

జాజు ఉంది, సున్నం ఉంది, కింద అలకడానికి బంకమట్టి లేదు. నేను పేడ కోసం యూనివర్సిటీ వెనక గేదెల కొట్టానికి వెళ్ళి వచ్చేసరికి అత్త బకెట్టు నిండా చక్కటి మట్టి కలుపుతూ ఉంది. పట్నపోళ్ళయినా తెలివైనోళ్ళే, పండుగకు ముందే మట్టి నానబెట్టి తడి గోనె కప్పి ఉంచుకున్నరు, రాయి లేదు రప్ప లేదు, ఎన్న లెక్కుంది, అని మెచ్చుకుంది. మన ఇళ్ళల్లో తడి గోనె కింద మట్టి ఉందంటే అలకడానికే గదా. సగం గోడ అలికాక శిల్పాల క్లాసు అమ్మాయి వరండాలోంచి కేక పెట్టింది. అది ఎల్లుండి ముగింపు సభలో చూపించడానికి ఆమె మా సారు విగ్రహం, భుజాల దాకా, మొదలుపెట్టిన మట్టి. ముఖం ఇంకా దిద్దలేదు, తల ఉత్త ముద్ద, మెడా భుజాలూ మాత్రం అయినాయి. మా అత్త వెనకనుంచి తవ్వుకుంటూ వచ్చింది.

నేను చెమటతో తడిసిపోయాను. అత్త మాత్రం ఆ పిల్లను కూర్చోబెట్టి, "ఏడ్వకు బిడ్డా, భుజాలే గదా, మల్ల పెట్టుకుందువు. తలకాయ తియ్యలే" అంది. ఆ అమ్మాయి ఏడవబోయి నవ్వేసింది, తర్వాత తనే ఇంకో బకెట్టు తెచ్చి అలుకు పట్టింది.

మర్నాడు పొద్దున జాజు పూత ఆరాక మొదలుపెట్టాం. ఆ ఏడు మా ఊళ్ళో నేను చూసింది బోరింగు. బోరింగు చుట్టూ వరసగా ప్లాస్టిక్ బిందెలు, వాటితో పాటు వంతు కోసం పెట్టిన రాయి, పగిలిన చెంబు, చెప్పు. ఆడవాళ్ళు బిందెల దగ్గర లేరు, ఆ పక్క నీడలో కూర్చుని తగువులాడుతున్నారు, ఒకామె పేలు చూస్తోంది, ఒకామె బోరింగు చేతికర్రకు వేలాడుతోంది, నీళ్ళు మాత్రం సన్నటి దారం. నడుం వంపు ఒక్కరికీ లేదు. అత్త ఈతపుల్లతో చెప్పు వేసింది, ఆ చెప్పు ఎవరిదో చూడగానే నాకు తెలిసింది.

ఇంకా గంటలో సభ అనగా, ప్రదర్శన పనులు చూసుకుంటున్న మా క్లాసతను వచ్చాడు, చేతిలో పూలదండలు. పేడ వాసన హాలంతా కొడుతోంది, అతిథులు వస్తున్నారు, గుడ్డ కప్పి ఆ పాత బొమ్మను మేకుకు తగిలించెయ్ అన్నాడు. తగిలించను అన్నాను. వినపడలేదు, ఏంటీ అన్నాడు. తగిలించను అన్నాను, అదే గొంతుతో. నీకేమైంది, ఇంత నెమ్మదైనదానివి, అన్నాడు. నెమ్మదిగానే చెబుతున్నా గదా, అన్నాను.

అప్పుడే మా సారు లోపలికి వచ్చారు. రిటైరై చాలా ఏళ్ళయింది, చేతికర్ర వచ్చింది, ఖద్దరు చొక్కా అదే. గోడ ముందు నిలబడ్డారు. ఇరవై ఏళ్ళ కింద చూసినంతసేపే చూశారు.

"మళ్ళీ అదే అలికావా అమ్మాయ్?"

"అవును సార్."

"నేనప్పుడు చెప్పిన మాట ఇప్పుడూ చెబుతాను. ఇది చిత్రం కాదు."

ఆయన నాకు కుంచె పట్టించిన మనిషి. అయినా అన్నాను, "మీరు చిత్రం అన్నది నేను చూడలేదు సార్. ఇది చూశాను. మీ హాల్లో నా పేరు కింద నేను చూసిందే ఉండాలి."

మా అత్త ముందుకు వచ్చింది. "పెద్దసారూ, మీ భుజాలు గుంజుకున్నం, ఏమనుకోకుర్రి. గోడకు మస్తు పట్టుకున్నయి" అంది. శిల్పాల అమ్మాయి సంగతంతా చెప్పింది. సారు కర్ర మీద వంగి నవ్వారు, దగ్గు వచ్చేదాకా నవ్వారు. కానీ నవ్వినంత మాత్రాన మాట మార్చుకోలేదు. సభలో అందరి బొమ్మల గురించీ చెప్పారు, నా గోడ మాట ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం ఆగి, ఆ చెప్పు ఎవరిదని అడిగారు. మా అత్తదే సార్ అన్నాను. తల పంకించారు. అంతకు మించి ఆయన నుంచి నాకేమీ దొరకలేదు, నేనూ అడగలేదు.

నూనె బొమ్మ నాకిచ్చెయ్యమని అడిగితే, అది విభాగం ఆస్తి, కుదరదన్నారు. సరే అని బొగ్గు ముక్క తీసుకుని దాని వెనక రాశాను: దీన్ని వేసింది నేనే. చూసింది మాత్రం కాదు. కింద సంతకం పెట్టాను. గోడ పాడుచేసినందుకు క్షమాపణ రాసిమ్మని తర్వాత ఇంటికి ఉత్తరం వస్తే, జవాబు రాయలేదు. వారం తిరక్కుండా నా గోడ మీద సున్నం కొట్టించారట, గీకించకుండా, పైపైనే. విని నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ మా అత్త, "మంచిదే. లోపలికి పోయింది" అంది.

ఆ అత్త పోయి చాలా ఏళ్ళయింది. మా ఊరి అరుగు గోడ స్లాబు ఇల్లు కట్టినప్పుడు కూలింది, ఆ రోజు మట్టిపెళ్ళల్లో మా నాన్న తమ్ముడి కొడుకు పెళ్ళీ, మొదటి బస్సూ, కోడె అన్నీ విడివిడిగా రాలి పడ్డాయి, ట్రాక్టరులో ఎత్తి రోడ్డుకు పోశారు. బడి వెనక గోడకు పుట్టీ పెట్టి, నవ్వుతున్న పిల్లల బొమ్మలు స్టిక్కర్లు అంటించారు. ఆ పిల్లలు ఎక్కడి వాళ్ళో తెలియదు. జాజు తవ్విన గుట్ట పక్క నుంచి ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు పోతోంది. దసరాకు ముందు నా చేతులు ఊరికే దురద పెడతాయి, అలకడానికి నా ఇంట్లో ఒక్క గోడా లేదు, అన్నీ కడుక్కునే రంగులే. బిందెల ఆడవాళ్ళు మాత్రం ఏమాత్రం అలిసిపోకుండా ఇన్నేళ్ళ నుంచీ నడుస్తూనే ఉన్నారు, హోటళ్ళ గోడల మీదా, కార్డుల మీదా, ఇప్పుడు మీ ఫోన్లలోనూ. వాళ్ళను నడిపించింది నేనే గనుక ఆపాల్సిందీ నేనే.

నిన్న ఆ పిల్లకు మళ్ళీ ఫోను చేశాను. అట్ట మీద ఆ బొమ్మ వెయ్యొద్దమ్మా, వేస్తే వెనక రాసింది కూడా వెయ్యాలి అని చెప్పాను. ఆమె కంగారుపడి, మీది ఇంకేదైనా ఉంటే ఫోటో పంపండి మేడమ్ అంది. ఫోటో లేదు, బొమ్మ ఉంది, మీ దగ్గరే ఉంది అన్నాను. హాలు తలుపు పక్క పొట్టి గోడ, పాతికేళ్ళుగా పడ్డ పూతలన్నీ జాగ్రత్తగా గీక్కుంటూ పో, ఎర్రమట్టి తగిలాక ఆగు, బోరింగు కనిపిస్తుంది, దాని కింద ఒక చెప్పు. ఇంకా లోపలికి మాత్రం వెళ్ళకు, అక్కడున్నవి మా సారు భుజాలు.